డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడే బ్రెయిలీ డిస్‌ప్లే పనిచేయాలంటే

ముందు డెబియన్ (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించేద్దాం, బ్రెయిలీ సంగతి తర్వాత చూసుకుందాం అనుకోవద్దు. ఇన్‌స్టాలర్ మొదలయ్యే సమయానికి బ్రెయిలీ డిస్‌ప్లే (తెర మీది అక్షరాలను లేచే చుక్కలుగా చూపే పరికరం) తగిలించి, ఆన్ చేసి ఉంటే ప్రశ్నలన్నీ వేళ్ల కిందికే వస్తాయి. డిస్‌ప్లేను నడిపే బీఆర్ఎల్‌టీటీవై ప్రోగ్రామ్ కొత్త సిస్టమ్‌లోకి కూడా దానంతటదే చేరుతుంది. చూపున్నవాళ్ల చేత ఇన్‌స్టాల్ చేయించుకుని, డిస్‌ప్లేను తర్వాత తగిలిస్తే ఆ భరోసా ఉండదు. మొదటి లాగిన్ దగ్గరే మళ్లీ ఇంకొకరి సాయం కావాల్సి రావచ్చు.

టైప్ చేయాల్సిన మాటల్ని కింద అక్షరం అక్షరం విడదీసి రాశాం. వేరుగా చెప్పకపోతే అన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాలే.

బూట్ చేసే ముందు

డిస్‌ప్లేకి కేబుల్ తప్పనిసరి. ఇన్‌స్టాలర్‌లో బ్లూటూత్ పనిచేయదు. సొంతంగా పుస్తకాలు చదువుకునే, నోట్స్ రాసుకునే వీలున్న పరికరమైతే దాన్ని కంప్యూటర్‌కి అనుసంధానమయ్యే రిమోట్ లేదా టెర్మినల్ మోడ్‌లో పెట్టండి. ఇది మరిచిపోతే కంప్యూటర్‌కి అది మెమరీ కార్డులా కనిపిస్తుంది, లేదా అసలు కనిపించదు. "డిస్‌ప్లే చచ్చిపోయింది" అని కంగారుపడేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఇన్‌స్టాల్ ఫైల్‌ని విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీదికి రాసేటప్పుడు డీడీ ఇమేజ్ పద్ధతి ఎంచుకోండి. డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ పనిచేయడానికి కావాల్సిన ఫైళ్లు) కూడా అధికారిక ఫైల్లోనే వస్తోంది కాబట్టి రెండో పెన్‌డ్రైవ్ అక్కర్లేదు. బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) తెరలు మాత్రం మాట్లాడవు, బ్రెయిలీలోనూ రావు. పెన్‌డ్రైవ్ నుంచి ముందు బూట్ అయ్యేలా ఎవరి చేతైనా ఒక్కసారి మార్పించుకోండి.

యూఎస్‌బీ డిస్‌ప్లే

బూట్ మెనూ సిద్ధమవగానే బీప్ వినిపిస్తుంది. ఎంటర్ నొక్కండి, అంతే. డిస్‌ప్లే దొరకగానే ఇన్‌స్టాలర్ బొమ్మల రూపం వదిలేసి అక్షరాల రూపంలోకి వస్తుంది. ప్రశ్నలు చదివి వినిపించే గొంతు కూడా కావాలంటే ఎంటర్‌కి ముందు ఎస్ నొక్కండి.

సీరియల్ డిస్‌ప్లే

పాత సీరియల్ డిస్‌ప్లేలను ఇన్‌స్టాలర్ వెతకదు. కావాలనే అలా చేశారు: పోర్టులోకి ఏవో సంకేతాలు పంపి వెతికితే కొన్ని పరికరాలు పాడయ్యే ప్రమాదం ఉంది. అందుకే డ్రైవర్, పోర్టు మనమే చెప్పాలి. యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) యంత్రమైతే బీప్ వచ్చాక ఇంగ్లిష్ అక్షరం 'ఈ' కీ నొక్కి, కింది బాణం మూడుసార్లు, తర్వాత ఎండ్ కీ. ఒక ఖాళీ వదిలి ఇలా టైప్ చేయండి: బి ఆర్ ఎల్ టి టి వై, సమానం గుర్తు, రెండక్షరాల డ్రైవర్ కోడ్, కామా, పోర్టు పేరు. మధ్యలో ఖాళీలు వద్దు. చివర ఎఫ్10. పాత బయాస్ యంత్రంలో 'ఈ' కీ బదులు ట్యాబ్, ఎఫ్10 బదులు ఎంటర్.

కోడ్‌లలో కొన్ని: బామ్‌కి బి ఎం, ఫ్రీడమ్ సైంటిఫిక్‌కి ఎఫ్ ఎస్, హ్యాండీటెక్‌కి హెచ్ టి, హిమ్స్‌కి హెచ్ ఎం, ఆల్వాకి ఏ ఎల్, హ్యూమన్‌వేర్‌కి హెచ్ డబ్ల్యూ. పోర్టు మామూలుగా టి టి వై, పెద్ద ఎస్, సున్నా. యూఎస్‌బీ కన్వర్టర్ వాడుతుంటే టి టి వై, పెద్ద అక్షరాల్లో యు ఎస్ బి, సున్నా. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో సీరియల్ పోర్టే ఉండదు కాబట్టి మీకు ఎక్కువగా అవసరమయ్యేది రెండోదే.

ప్రశ్నలకు జవాబులు

ప్రతి ప్రశ్న కిందా జవాబులు అంకెలతో వస్తాయి. అంకె కొట్టి ఎంటర్ నొక్కాలి. ప్రశ్నార్థకం కొడితే సహాయం, "కంటే తక్కువ" గుర్తు కొడితే వెనక్కి. పక్కన చదరపు బ్రాకెట్లలో నక్షత్రం గుర్తు ఉన్నదే ఉత్త ఎంటర్‌కి వర్తించే జవాబు. 20 సెల్స్ (అక్షరాల గదులు) ఉన్న డిస్‌ప్లే మీద ఒక వరుస రెండు మూడు ముక్కలుగా వస్తుంది. డిస్క్ విభజన దగ్గర తొందరపడకండి. డిస్క్ పేరు, దాని సైజు చివరిదాకా జరిపి చదివాకే అంకె కొట్టండి. పెన్‌డ్రైవ్ కూడా ఆ జాబితాలో ఉండవచ్చు. మార్పులు డిస్క్ మీద రాయమంటారా అని అడిగినప్పుడు నక్షత్రం "నో" పక్కన ఉంటుంది, అది మన మంచికే.

రూట్ (సిస్టమ్ అధికారి ఖాతా) పాస్‌వర్డ్ ఖాళీగా వదిలేస్తే మీ ఖాతాకే సుడో (అధికారి పనులు చేయించే ఆదేశం) వాడే అధికారం వస్తుంది, తర్వాత పని తేలిక. డెస్క్‌టాప్‌గా 'మాటే' లేదా 'గ్నోమ్' అనేది తీసుకోండి.

తెలుగు

భాషల జాబితాలో తెలుగు లేదేమని వెతక్కండి. తెలుగు, హిందీ వంటి లిపులను బొమ్మల ఇన్‌స్టాలర్ మాత్రమే చూపగలదు. ఇంగ్లిష్‌లోనే పూర్తి చేసి, ప్రాంతం ఇండియా పెట్టుకోండి. బీఆర్ఎల్‌టీటీవైలో తెలుగు పట్టిక సిద్ధంగానే ఉంది. ఈటీసీ ఫోల్డర్‌లోని బి ఆర్ ఎల్ టి టి వై చుక్క సి ఓ ఎన్ ఎఫ్ ఫైల్‌ని సుడోతో తెరిచి, "టెక్స్ట్ హైఫన్ టేబుల్" అని ఇంగ్లిష్‌లో రాసి, ఖాళీ వదిలి, టి ఈ అని చేర్చండి. కంప్యూటర్ మళ్లీ మొదలుపెట్టాక తెలుగు అక్షరాలు భారతి బ్రెయిలీలో (భారతీయ భాషల బ్రెయిలీ) వస్తాయి.

డెస్క్‌టాప్ వచ్చాక

డిస్‌ప్లే మీద "స్క్రీన్ నాట్ ఇన్ టెక్స్ట్ మోడ్" అని ఇంగ్లిష్‌లో వచ్చి ఆగిపోతే పరికరం బాగున్నట్టే, ఓర్కా (డెస్క్‌టాప్ తెరను చదివే ప్రోగ్రామ్) దానితో కలవలేదన్నమాట. విండోస్ కీ, ఆల్ట్, ఎస్ కలిపి నొక్కి ఓర్కాను లేపండి. ఓర్కా మాట్లాడుతున్నా చుక్కలు మారకపోతే, ముందు ఓర్కా సెట్టింగ్స్‌లో బ్రెయిలీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అదీ సరిగ్గానే ఉంటే మీ ఖాతాను బి ఆర్ ఎల్ ఏ పి ఐ అనే గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ రండి.

ఇంకో చిక్కు ఉంది, ముఖ్యంగా కాలేజీ ల్యాబుల్లో నలుగురూ వాడే యంత్రాల మీద. చవక ఆర్డ్యునో (ప్రయోగాలకు వాడే చిన్న ఎలక్ట్రానిక్) బోర్డుల్లోని సీహెచ్340 అనే యూఎస్‌బీ చిప్ ఐడీ, 1ఏ86:7523, ఒక బ్రెయిలీ పరికరం ఐడీ కూడా. అందుకని ఉబుంటు (డెబియన్ మీద ఆధారపడిన లినక్స్) 22.04లో బోర్డు తగిలించగానే బీఆర్ఎల్‌టీటీవై దాన్ని పట్టేసుకునేది. చాలామంది ఆ ప్యాకేజీనే తీసేసి సరిపెట్టుకున్నారు, దాంతో ఆ యంత్రం మీద బ్రెయిలీ మొత్తం పోతుంది. తీసేయనివ్వకండి. యూడెవ్ (తగిలించిన పరికరాలను గుర్తించే భాగం) రూల్స్‌లో ఉన్న బీఆర్ఎల్‌టీటీవై ఫైల్‌ని అదే పేరుతో ఈటీసీ కింది యూడెవ్ రూల్స్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అందులో ఆ ఐడీ ఉన్న వరుస ముందు హ్యాష్ గుర్తు పెట్టించండి. బోర్డూ పనిచేస్తుంది, మీ డిస్‌ప్లే కూడా. కాపీ చేయకుండా అసలు ఫైల్నే మారిస్తే తర్వాతి అప్‌డేట్‌తో మార్పు చెరిగిపోతుంది.