కంపెనీ తన ఉద్గారాలను తానే లెక్కించి తగ్గించుకోవడం ఎలా: బెంగళూరులోని చిన్న, మధ్యతరహా సంస్థలకు

మార్కెట్ విలువలో మొదటి 1,000 స్థానాల్లో ఉన్న లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరతల) నివేదిక ఇవ్వడాన్ని సెబీ 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి తప్పనిసరి చేసింది. ఆ కంపెనీలు తమకు సరుకులు, సేవలు అందించే వారిని కూడా ఉద్గారాల లెక్క, అంటే గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల లెక్క అడుగుతున్నాయి కాబట్టి, పీన్యాలోని వర్క్‌షాపులకూ, ఎలక్ట్రానిక్ సిటీలోని చిన్న ఐటీ సంస్థలకూ ఆ ప్రశ్న చేరుతోంది. సాధారణంగా ఈ పని అడ్మిన్ విభాగంలోనో మెయింటెనెన్స్‌లోనో ఉన్న ఒకరి మీద పడుతుంది. ఈ వ్యాసం వారి కోసమే. కన్సల్టెంట్‌ను పిలవడానికి ముందే బిల్లులూ రిజిస్టర్లూ ముందేసుకుని కూర్చోవాలని నా గట్టి సలహా. ఎందుకంటే తగ్గించవలసిన చోటు నివేదికలో కంటే ముందు వాటిలోనే కనబడుతుంది.

మొదట ఆధార సంవత్సరాన్ని, అంటే తర్వాతి ఏళ్ల అంకెలను దేనితో పోల్చాలో ఆ సంవత్సరాన్ని నిర్ణయించుకోండి. అన్ని నెలల బిల్లులూ దొరికే, పని మామూలుగా నడిచిన సంవత్సరమే అందుకు తగినది. లాక్‌డౌన్ కారణంగా ఆఫీసులు ఖాళీగా ఉన్న 2020-21ని ఎంచుకోకూడదు. ఆ తర్వాత, ఉద్గారాల లెక్కకు అంతర్జాతీయ ప్రమాణమైన జీహెచ్‌జీ ప్రొటోకాల్ చెప్పిన మూడు స్కోపులుగా లెక్కను విడదీయండి: సంస్థ స్వయంగా కాల్చే ఇంధనం, వదిలే వాయువులు స్కోప్ 1లోకి, కొనే విద్యుత్ స్కోప్ 2లోకి, సరఫరాదారులు, ప్రయాణాలు, వ్యర్థాల వంటివి స్కోప్ 3లోకి వస్తాయి.

విద్యుత్ లెక్క సులభం. బెస్కాం బిల్లులోని యూనిట్లను, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటించే గ్రిడ్ ఉద్గార గుణకంతో హెచ్చించాలి. ఇటీవలి సంవత్సరాల్లో అది యూనిట్‌కు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు కొంచెం పైన ఉంటోంది. అంటే నెలకు లక్ష యూనిట్లు వాడే భవనం లెక్కలో నెలకు 70 టన్నులకు పైగా చేరతాయి. జనరేటర్‌లో కాలిన ప్రతి లీటరు డీజిల్‌కూ సుమారు 2.68 కిలోలు వేసుకోవాలి. ఇక్కడ కొనుగోలు రసీదులతో సరిపెట్టుకోకుండా జనరేటర్ లాగ్‌బుక్‌తో పోల్చి చూడండి. నడిచిన గంటలకూ ఖర్చయిన డీజిల్‌కూ పొంతన కుదరకపోతే, ముందు ఆ తేడా ఎక్కడిదో తేల్చుకోవాలి.

చాలా లెక్కల్లో జారిపోయేది ఏసీ గ్యాస్. ఆర్-410ఏ అనే గ్యాస్ ఒక కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల కాలానికి వేసే లెక్కలో అది దాదాపు 2,000 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఏడాదిలో 10 కిలోలు కారిపోతే 20 టన్నులు, అంటే దాదాపు 7,500 లీటర్ల డీజిల్ కాల్చినంత. సర్వీసు బిల్లులో మాత్రం "గ్యాస్ టాపప్" అన్న చిన్న వరుస తప్ప మరేమీ ఉండదు. ఏసీల పని చూసే మదనపల్లె కుర్రవాణ్ణి అడిగితే, "సార్, పోయినేడు ఎంతేసినామో ఈయేడూ అంతే ఏసినాం" అన్నాడు. బిగువుగా ఉన్న యంత్రానికి ఏటా గ్యాస్ పట్టదు కాబట్టి, ఆ ఒక్క మాటతోనే లీకేజీ సంగతి బయటపడింది. ఇకనుంచి గ్యాస్ నింపే ముందూ తర్వాతా సిలిండర్‌ను తూకం వేసి, ఏ యంత్రానికి ఎన్ని గ్రాములు పట్టిందో రాయించండి. ముందు లీకు పూడ్చకుండా గ్యాస్ నింపడానికి అనుమతి ఇవ్వకండి. కొత్త ఏసీలు కొనేటప్పుడు ఆర్-32 వంటి తక్కువ ప్రభావం గల గ్యాస్‌తో నడిచేవి ఎంచుకోవాలి.

తగ్గించే పనిని ఖాళీ భవనం నుంచి మొదలుపెట్టడం మంచిది. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకూ, మళ్లీ 5 గంటలకూ మెయిన్ మీటర్ రీడింగ్ రాయించండి. ఎవరూ లేని ఆ గంటలో ఖర్చయిన యూనిట్లను పనిదినం మధ్యాహ్నపు వాడకంతో పోల్చితే, ఆపకుండా వదిలేసిన ఫ్యాన్లు, బేస్‌మెంట్ దీపాలు, సగం ఖాళీగా నడుస్తున్న యూపీఎస్‌లు ఒక్కొక్కటిగా దొరుకుతాయి. సర్వర్ గదిని 18 డిగ్రీల వద్ద ఉంచే అలవాటు చాలా చోట్ల ఉంది. సర్వర్లలోకి వెళ్లే గాలి 27 డిగ్రీల వరకు ఉండవచ్చని ఏసీ, శీతలీకరణ ఇంజనీర్ల అమెరికా సంఘమైన అష్రే మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆఫీసు ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టాలని, ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఎప్పటినుంచో చెబుతోంది. బెంగళూరులో డిసెంబరు, జనవరి ఉదయాల్లో బయటి గాలినే లోపలికి తీసుకుంటే చాలు.

వర్క్‌షాపుల్లో ఎయిర్ కంప్రెసర్‌ను చూడండి. షిఫ్టు ముగిశాక యంత్రాలన్నీ ఆపి కంప్రెసర్‌ను మాత్రమే నడిపించి, అది లోడ్ మీద (గాలి నింపుతూ) ఎంతసేపు, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) ఎంతసేపు ఉందో గడియారంతో కొలవండి. 2 నిమిషాలు లోడ్, 6 నిమిషాలు అన్‌లోడ్ అయితే, కంప్రెసర్ సామర్థ్యంలో నాలుగో వంతు లీకుల్లోనే పోతోందన్నమాట. లీకు 10 శాతం దాటితే వెంటనే మరమ్మతు చేయించాలి.

ఇంత చేశాకే సోలార్ గురించి ఆలోచించడం న్యాయం, ఎందుకంటే వృథాను అలాగే ఉంచి ప్యానెళ్లు పెడితే అవసరానికి మించిన వ్యవస్థకు డబ్బు పోయవలసి వస్తుంది. ఈ ఊళ్లో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్ల వరకు ఇస్తాయి. డాబా చాలకపోతే ఓపెన్ యాక్సెస్ ద్వారా, అంటే గ్రిడ్ తీగల మీదుగా నేరుగా ఉత్పత్తిదారు నుంచే, బయటి సౌరవిద్యుత్ కొనవచ్చు. తెలుగు వినబడే పావగడలోనే 2,050 మెగావాట్ల పార్కు ఉంది. అయితే కేంద్రం 2022లో తెచ్చిన హరిత ఓపెన్ యాక్సెస్ నిబంధనలను కర్ణాటక హైకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కాబట్టి, ఒప్పందంపై సంతకం పెట్టే ముందు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ కేఈఆర్‌సీ తాజా ఉత్తర్వులను తప్పక చదవండి. అలా కొన్న విద్యుత్‌ను నివేదికలో చూపేటప్పుడు గ్రిడ్ సగటు ప్రకారం ఒక అంకె, ఒప్పందం ప్రకారం మరొక అంకె, రెండూ ఇవ్వాలి. ఒక్కటే చూపడం చదివేవారిని తప్పుదారి పట్టించడమే.

స్కోప్ 3లో 15 విభాగాలు ఉన్నా, మొదటి ఏడాది ఉద్యోగుల రాకపోకలతోపాటు ఎక్కువ ఖర్చు పెట్టే రెండు మూడు కొనుగోళ్లు చాలు. 2025 ఆగస్టులో ఆర్‌.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర వరకు ఎల్లో లైన్ మెట్రో మొదలైంది కాబట్టి, హోసూరు రోడ్డు వైపు ఉన్న సంస్థలు క్యాబ్ ఒప్పందాలను తిరిగి చూసుకుని, స్టేషన్ నుంచి ఆఫీసుకు మాత్రమే షటిల్ నడపవచ్చు.

కార్బన్ క్రెడిట్లు (వేరొకరు తగ్గించిన ఉద్గారాలకు డబ్బిచ్చి తీసుకునే పత్రాలు) కొంటే వాటిని వేరే వరుసలో చూపండి. తగ్గిన ఉద్గారాల అంకెలో కలపకండి. వ్యాపారం పెరిగినప్పుడు ఒక్కో ఉత్పత్తికి ఎంత ఉద్గారం అన్న నిష్పత్తితో పాటు మొత్తం టన్నులు కూడా రాయాలి. మధ్యలో కొత్త భవనాన్నో మరో యూనిట్‌నో కొనుక్కుంటే, ఆధార సంవత్సరం అంకెను కూడా దాన్ని కలిపి సవరించి, ఆ సవరణ ఎందుకు చేశారో నివేదికలోనే ఒక పేరాలో నమోదు చేయండి.