వానలకు ముందు పాత కారు బుష్‌లు, మౌంటింగులు: చక్రం గాల్లో ఉండగా బోల్టు బిగించనివ్వకండి

పది రోజుల కిందట ఉలవపాడు దాటాక హైవే మీద మా చిన్నాన్న కొడుకు కారు రోడ్డు దిగిపోయింది. చినుకులు పడుతున్నాయి. ముందు లారీ స్లో అయింది, వాడు బ్రేక్ తొక్కాడు. అంతే, స్టీరింగ్ ఎడమకు లాగేసింది. పిన్నికి చెయ్యి విరిగింది, మిగతావాళ్లు చిన్న దెబ్బలతో బయటపడ్డారు.

మర్నాడు షెడ్డులో కారు కింద దూరి చూశాను. ఎడమ లోయర్ ఆర్మ్ బుష్, అంటే చక్రాన్ని బండి అడుగుకు కలిపే ఇనుప చేతి కీలులో ఉండే రబ్బరు, చిరిగిపోయి ఉంది. లోపలి ఇనుప గొట్టం చుట్టూ రబ్బరు, తడి తువ్వాలు పిండినట్టు ఒకవైపుకే మెలిపడి, ఆ మెలిక వెంబడే చీలింది. ఆ బుష్ ఐదు నెలల కిందట ఒంగోలులో నా కౌంటర్ మీద నేనే ఇచ్చాను. కంపెనీ సరుకే. 18 ఏళ్లుగా స్పేర్ పార్టులు అమ్ముతున్నాను. ఇలాంటి బుష్ చేత్తో పట్టుకొచ్చి "డూప్లికేట్ అంటగట్టావన్నా" అని కోప్పడినవాళ్లు ఎందరో. చాలాసార్లు తప్పు సరుకుది కాదు. బండి జాకీ మీద ఉండగానే, చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టు బిగించేశారు.

రబ్బరు బుష్ బేరింగులా తిరగదు. బయటి గొట్టం ఆర్మ్‌లో దిగి ఉంటుంది. లోపలి గొట్టాన్ని బోల్టు కదలకుండా పట్టేస్తుంది. రెండింటికీ అతుక్కుని మధ్యలో రబ్బరు ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వచ్చేది ఆ రబ్బరే. చక్రం వేలాడుతున్నప్పుడు ఆర్మ్ కిందికి వాలి ఉంటుంది. ఆ వాలులో బిగిస్తే, బండి నేలకు దించిన క్షణం నుంచి రబ్బరు మెలికలోనే ఉండిపోతుంది, ఇంటి ముందు ఆపి ఉంచినా సరే. దాని మీద గుంతల దెబ్బలు. ఏళ్ల తరబడి రావాల్సింది నెలల్లో పోతుంది.

అందుకని మెకానిక్‌తో ముందే చెప్పండి. బోల్టులు చేత్తో తిప్పి వదిలేయాలి. బండి దించి, నాలుగు చక్రాలూ నేల మీద ఆనాక, బానెట్ మీద రెండు మూడు సార్లు గట్టిగా నొక్కి వదలాలి. అప్పుడే అసలు బిగింపు. కిందికి దూరడానికి పిట్ లేదంటారా, ముందు చక్రాలను ర్యాంపు ఎక్కించమనండి. మీరు పక్కనే నిలబడి చూడండి. మొహమాటపడకండి.

మన ఒంగోలు, నెల్లూరు వైపు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్నా వరదకు నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు కట్టే కొట్టుకుపోయింది, ఇక రోడ్ల సంగతి చెప్పాలా? ఈ పని సెప్టెంబరులోనే అయిపోవాలి.

ఇక కొనేటప్పుడు. రబ్బరు గట్టిగా ఉంటే ఎక్కువ కాలం వస్తుందని వేలితో నొక్కి చూసి కొంటారు. ఇంజన్ మౌంటింగ్ అంటే ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ. దాని పని ఇంజన్‌ను మోయడమే కాదు, ఇంజన్ వణుకును బాడీకి పాకనివ్వకుండా మింగడం కూడా. మరీ గట్టిది వేస్తే ఐడ్లింగ్‌లో డ్యాష్‌బోర్డు, అద్దాలు, సీటు అన్నీ వణుకుతాయి. కొన్ని బళ్లలో, ముఖ్యంగా డీజిల్ వాటిలో, మౌంటింగ్ లోపల ద్రవం ఉంటుంది. దాని బదులు ఉత్త రబ్బరు ముద్ద ఇస్తే తీసుకోకండి. రబ్బరు బదులు వాడే గట్టి ప్లాస్టిక్ లాంటి పాలీయూరిథేన్ బుష్ చాలాకాలం మన్నుతుంది గానీ రోడ్డు దెబ్బ నేరుగా లోపలికి తెలుస్తుంది, దానికి వేసే గ్రీజు కూడా వేరే. ఇంట్లో పెద్దవాళ్లు తిరిగే బండికి నేనైతే రబ్బరే ఇస్తాను.

మౌంటింగ్ తెగితే చప్పుడే కదా అని తిప్పుతుంటారు. 1971లో అమెరికాలో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల బళ్లను వెనక్కి పిలిచింది దీనికే. మౌంటింగ్ తెగి ఇంజన్ పైకి లేస్తే యాక్సిలరేటర్ ఇరుక్కుపోయేది. పెడల్ నుంచి ఇంజన్‌కు తీగ ఉండే మన పాత కేబుల్ యాక్సిలరేటర్ బళ్లున్నవాళ్లు ఈ మాట గుర్తుంచుకోండి.

చూసుకోవడం తేలికే. బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఒకరు బ్రేక్ తొక్కిపట్టి క్లచ్ కొద్దిగా వదలాలి, ఫస్ట్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి. మీరు పక్కన నిలబడి చూడండి, బండికి ఎదురుగా కాదు. ఇంజన్ కొంచెం ఒరగడం మామూలే, ఎగిరిపడితే మౌంటింగ్ పోయినట్టే.

మిగతావి వరసగా చెప్పేస్తాను.

ఛాసిస్ నంబరు చెప్పి పార్టు తీసుకోండి. అదే మోడల్‌లో పెట్రోలుకూ డీజిల్‌కూ మౌంటింగులు వేరు.

షాపు ముందు ఎండలో వేలాడదీసిన రబ్బరు వద్దు. వంచి చూడండి, సన్న పగుళ్లు కనిపిస్తే వదిలేయండి.

ఒక పక్క లోయర్ ఆర్మ్ బుష్ మారిస్తే రెండో పక్కదీ మార్చండి. ఇంజన్ మౌంటింగ్ ఒకటి తెగితే మిగతావీ చూడండి. అవి కుంగిపోయి ఉంటే కొత్తదాని మీదే బరువంతా పడుతుంది.

ఆయిల్ లీకు ముందు, మౌంటింగ్ తర్వాత. ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

కిర్రుమంటోందని కింద డీజిల్ కొట్టించకండి. కొట్టించకండి!

పాత టైరు ముక్కలు మౌంటింగులో కుక్కనివ్వకండి.

కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు తిరిగే బళ్లు, రొయ్యల లారీల వెనక ఉప్పునీళ్లలో తడిసే బళ్లకు బోల్టు లోపలి గొట్టంలో తుప్పు పట్టి అతుక్కుపోతుంది. కొత్త బోల్టులు, నట్లు ముందే కొనిపెట్టుకోండి.

బుష్ మీద బాణం గుర్తు గానీ ఖాళీ గాడులు గానీ ఉంటే, పాతది ఏ దిక్కున ఉందో ఫోటో తీశాకే కొత్తదాన్ని ప్రెస్ మెషిన్‌తో ఒత్తి ఎక్కించండి. సుత్తితో కాదు.

మౌంటింగ్ విప్పే ముందు ఇంజన్ కింద చెక్క పెట్టి జాకీ ఆనించాలి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి ఎవరూ దూరకూడదు.

ఆర్మ్ విప్పితే చక్రాల అలైన్‌మెంట్ తప్పనిసరి.

బిల్లు కట్టే ముందు మళ్లీ అడగండి, చక్రాలు నేల మీద ఉండగానే బిగించారా అని. "ఆఁ, బిగించాం సార్" అంటే చాలదు. ఆ బోల్టులు మీ కళ్ల ముందే వదులు చేసి, నేల మీదే మళ్లీ బిగించమనండి. పది నిమిషాల పని.