పెళ్ళి వీసీడీలోని వీడియోను కాపాడుకోవడం ఎలా?

మా అక్క పెళ్ళి 2003లో తిరుచానూరులో జరిగింది. స్టూడియో వాళ్ళు మూడు వీసీడీలు (వీడియో ఉన్న సీడీలు) ఇచ్చారు. రెండో డిస్క్‌లో, భోజనాల దగ్గర నాయన గొంతు వినిపిస్తుంది: "మగపెళ్ళివాళ్ళ బంతికి ఒబ్బట్లు రాలేదు, చూడప్పా." ఆయన గొంతు మాకు ఇంకెక్కడా మిగల్లేదు. దానికోసమే ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు చంద్రగిరి, పుత్తూరు నుంచి కూడా చుట్టాలు తమ డిస్క్‌లు తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి తెచ్చిస్తున్నారు.

డిస్క్ దొరకగానే ఆత్రంగా పాత ప్లేయర్‌లో వేయకండి. ముందు కాపీ, తర్వాతే చూడడం. ఏళ్ళ తరబడి మూలన పడున్న ప్లేయర్‌లో దుమ్ము ఉంటుంది, కొత్త గీతలు పడతాయి.

డిస్క్‌ను ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సూదితో పొడిచినట్టు వెలుతురు చుక్కలు కనిపిస్తే అక్కడ మెరిసే పూత రాలిపోయింది, ఆ ముక్క ఇక రాదు. చాలామంది కింది వైపే జాగ్రత్తగా చూసుకుంటారు. నిజానికి అటువైపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ అడ్డం ఉంది. సీడీకి అసలు ప్రాణం పేరు రాసే వైపున, వార్నిష్ లాంటి పలుచని పొర కింద ఉంటుంది. వధూవరుల ఫొటో స్టిక్కర్ అంటించి ఉంటే దాన్ని పీకవద్దు, పూత కూడా ఊడి వస్తుంది. మా పెద్దమ్మ వాళ్ళ డిస్క్ ఒకటి అలాగే పోయింది.

తుడవాలంటే మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తిప్పకూడదు.

డిస్క్ తెరిస్తే ఎంపెగ్ఏవీ (MPEGAV) అనే ఫోల్డర్‌లో AVSEQ01.DAT అనే వీడియో ఫైల్ కనిపిస్తుంది. దాన్ని మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే సగంలో ఆగిపోవచ్చు. నాకు మూడుసార్లు అలాగే ఆగింది, డిస్క్ పోయిందనే అనుకున్నాను. కారణం వీసీడీ తయారీలోనే ఉంది. సీడీ మీద సమాచారం సెక్టార్లనే చిన్న చిన్న ముక్కలుగా ఉంటుంది. మామూలు డేటా సీడీలో ఒక్కో సెక్టార్‌కు 2,048 బైట్లే డేటా, మిగతా చోటులో చాలావరకు తప్పులు దిద్దుకునే కోడ్ ఉంటుంది. వీసీడీలో ఆ కోడ్ తీసేసి 2,324 బైట్లూ వీడియోకే ఇచ్చారు. అందుకే 700 ఎంబీ సీడీలో 80 నిమిషాల పెళ్ళి పట్టింది. అందుకే చిన్న గీతకు కూడా కంప్యూటర్ చేతులెత్తేస్తుంది.

దీనికి ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ కావాలి. వీడియో సెక్టార్లను ఉన్నవి ఉన్నట్టు చదివి, చదవలేని చోట ఖాళీ పెట్టి ముందుకు పోతుంది. రెండు సెకన్లు బొమ్మ చెదిరితే ఏం, మిగతా గంట దక్కుతుంది కదా! డ్రైవ్ కూడా మార్చి చూడండి. నా కొత్త యూఎస్‌బీ డ్రైవ్ వదిలేసిన రెండో డిస్క్‌ను తమ్ముడి పాత డెస్క్‌టాప్ చదివేసింది, రెండు గంటలు పట్టినా సరే. ఇంట్లో పాత డ్రైవ్ ఉంటే పాత సామాన్లవాడికి ఇవ్వకండి.

డీవీడీ అయితే ఇంత కష్టం లేదు, వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తం కాపీ చేస్తే చాలు. కామ్‌కార్డర్‌లో వాడిన 8 సెంటీమీటర్ల చిన్న డీవీడీలతో మాత్రం చిక్కు. ఫైనలైజ్ చేయకుండా, అంటే వేరే యంత్రాలు కూడా చదివేలా రికార్డింగును ముగించకుండా వదిలేసి ఉంటే కంప్యూటర్‌లో ఖాళీగా కనిపిస్తాయి. అదే కామ్‌కార్డర్ పనిచేస్తుంటే అందులోనే పెట్టి ఫైనలైజ్ చేయండి.

వీసీడీ నుంచి ఇలా బయటికి వచ్చిన ఎంపీజీ వీడియో ఫైల్‌ను మార్చకుండా రెండు హార్డ్‌డిస్క్‌ల్లో దాచండి. వాట్సాప్‌కు వేరే కాపీ తీసుకోండి. అసలు బొమ్మే 352×288 పిక్సెళ్ళు, టీవీ నిండా సాగదీస్తే మొహాలు వెడల్పవుతాయి. వెడల్పు, ఎత్తుల నిష్పత్తిని 4:3 లోనే ఉంచండి.

ఆ తర్వాత పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఎవరెవరు ఏ నిమిషంలో కనిపిస్తారో కాగితం మీద రాసి, ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి. మా అమ్మ నలభై ఒక్కమందిని గుర్తుపట్టింది. వాళ్ళలో సగం మంది నాకు తెలియదు.