గిటార్ నట్ పాడైతే ఎముక ముక్కతో కొత్తది చేసుకోవడం ఎలా?

ట్యూనర్ పెట్టి చూస్తే ఆరు తీగలూ సరిగ్గానే ఉంటాయి. ఎఫ్ కార్డ్ పట్టుకోగానే మాత్రం చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. చాలామంది తమ వేళ్ళనే అనుమానిస్తారు, కొత్త తీగలు వేస్తారు, ట్యూనింగ్ కీలు మార్చేస్తారు. నా బల్ల మీదకి ఈ ఫిర్యాదుతో వచ్చిన గిటార్లలో ఎక్కువ వాటికి రోగం నెక్ చివర, తీగలు ఆనుకునే ఆ చిన్న తెల్ల ముక్కలోనే ఉంటుంది. దాన్నే నట్ అంటాం. అందులో గాడి ఎత్తుగా ఉంటే మొదటి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగ ఎక్కువ దూరం వంగి, సాగి, స్వరం పైకి పోతుంది. గాడి మరీ లోతైతే ఖాళీ తీగ మీటగానే ఫ్రెట్‌కి తగిలి జుయ్‌మంటుంది.

ఏదైనా కోసే ముందు తప్పు నిజంగా నట్‌దేనా అని తేల్చుకోవాలి. ముందుగా మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, నెక్ బాడీని కలిసే చోట లావు ఇ తీగను నొక్కి పట్టుకుని, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద ఎంత సందు ఉందో ఫీలర్ గేజ్‌తో, అంటే సందులు కొలిచే పల్చటి రేకులతో చూడండి. ఎలక్ట్రిక్ గిటార్ అయితే 0.2 మి.మీ. చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టే. లేకపోతే ముందు ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీ) సరిచేయాలి, ఎందుకంటే నెక్ వంపు మారితే నట్ దగ్గర కొలతలూ మారిపోతాయి. ఆ తర్వాత కాపో తీసేసి, ఒక్కో తీగను రెండో ఫ్రెట్‌కి మూడో ఫ్రెట్‌కి మధ్య నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడండి. తీగకీ ఫ్రెట్‌కీ మధ్య వెంట్రుకవాసి సందు ఉండాలి, అక్కడ వేలితో తడితే చిన్నగా టిక్‌మని వినబడాలి. సందు కళ్ళకు కొట్టొచ్చినట్టు కనబడితే గాడి ఎత్తుగా ఉన్నట్టు, దాన్ని కాస్త దించితే చాలు, కొత్త నట్ అక్కర్లేదు. అసలు సందే లేకుండా ఖాళీ తీగ జుయ్‌మంటుంటే గాడి లోతైపోయినట్టు. ఒక్క గాడే అలా ఉంటే ఎముక పొడి నింపి సూపర్ గ్లూ చుక్క వేసి మళ్ళీ కోసుకోవచ్చు, కొన్నాళ్ళు నడుస్తుంది. రెండు మూడు గాళ్ళు పోయినా, నట్ పగిలినా కొత్తది చేయడమే మేలు.

పాత నట్ తీయడం

తీగలన్నీ కొద్దికొద్దిగా వదులు చేసి తీసేయండి. నట్ చుట్టూ వార్నిష్ అంటుకుని ఉంటుంది కాబట్టి పదునైన కత్తి మొనతో ఆ అంచు వెంబడి గీత గీయాలి, ఈ పని వదిలేస్తే నట్‌తో పాటు హెడ్ మీద రంగు పెచ్చు లేచి వస్తుంది. ఫింగర్ బోర్డ్ చివరకు ఆనుకుని కూర్చున్న నట్ అయితే ఫింగర్ బోర్డ్ వైపు నుంచి చిన్న చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టండి. ఫెండర్ కంపెనీ గిటార్ల తరహాలో ఫింగర్ బోర్డ్‌లో కోసిన స్లాట్‌లో కూర్చున్నదైతే అలా తట్టకూడదు, ముందున్న చెక్క ఊడొస్తుంది. మొండికేస్తే సన్నటి రంపంతో నట్ మధ్యగా పొడవునా కోసి పట్టకారుతో నొక్కితే రెండు ముక్కలూ లోపలికి పడిపోతాయి. తర్వాత పాత జిగురు గీకేయండి. చెక్క జోలికి పోవద్దు.

ముక్కను స్లాట్‌కి సరిపోల్చడం

కొలత పాత నట్ నుంచి తీసుకోకండి, గిటార్ నుంచే తీసుకోండి. అంతకుముందు ఎవరో తప్పుగా చేసిన నట్ అయితే ఆ తప్పే మళ్ళీ కొలిచి చేస్తారు. స్లాట్ వెడల్పు వెర్నియర్ కాలిపర్‌తో మూడు చోట్ల కొలవండి. ఫెండర్ తరహా వాటిలో 3.2 నుంచి 3.5 మి.మీ. ఉంటుంది, గిబ్సన్ తరహా వాటిలో, అకూస్టిక్ గిటార్లలో ఇంకా మందం. ఎముక ముక్కను అంతకంటే కొంచెం ఎక్కువ మందంతో మొదలుపెట్టండి. అద్దం ముక్క మీద ఉప్పు కాగితం అంటించి, ఎముక అడుగున పెన్సిల్‌తో గీతలు గీసి, నిలువుగా పట్టుకుని రుద్దండి. గీతలు అన్నిచోట్లా ఒకేసారి చెరిగిపోతే అడుగు సమంగా ఉన్నట్టు, మధ్యలో మిగిలి అంచుల్లో పోతే మీ చెయ్యి ఊగుతోందని అర్థం. ముక్కుకి మాస్క్ లేకుండా మాత్రం ఈ పని చేయొద్దు, ఎముక పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పక్కన తడిగుడ్డ పెట్టుకోండి.

వేలితో నొక్కితే లోపలికి పోవాలి, గిటార్ తిరగేస్తే కింద పడకూడదు. అదీ సరిపోవడమంటే. సుత్తి అవసరమైందంటే ఇంకా లావుగా ఉన్నట్టే, బలవంతంగా దిగ్గొడితే చెక్క చీలుతుంది.

చిన్న మిల్లింగ్ మెషీన్ ఉంటే ఈ మందం తీసే పని సుఖంగా అవుతుంది, ముఖ్యంగా ఇత్తడి నట్ కావాలన్నప్పుడు, లేదా ఏడు తీగల గిటార్‌లా రెడీమేడ్ ముక్క దొరకని కొలత అయినప్పుడు. వైస్‌లో బిగించి పల్చటి కోతలు తీస్తూ, చివరి 0.1 మి.మీ. చేత్తో రుద్దడానికి వదిలేయండి. గాళ్ళ స్థానాలు కూడా హ్యాండిల్ తిప్పి కొలవచ్చు, కానీ ప్రతిసారీ ఒకే వైపు నుంచి తిప్పుతూ రావాలి. వెనక్కి తిప్పితే స్క్రూలో ఉన్న లూజు అంతా కొలతలోకి వచ్చేస్తుంది.

గాళ్ళు

ఒక పెన్సిల్‌ను పొడవునా సగానికి చీల్చి, చదునైన వైపు ఫ్రెట్ల మీద ఆనించి నట్ మీద అడ్డంగా గీత గీయండి. అది ఫ్రెట్ల ఎత్తు గీత. ఏ గాడి అడుగూ దాని కిందకు దిగకూడదు.

తీగల మధ్య దూరం లెక్కలో చాలామంది పొరబడతారు. తీగ మధ్య నుంచి పక్క తీగ మధ్యకు సమానంగా పెడితే లావు తీగలు ఒకదానికొకటి ఇరుగ్గా అనిపిస్తాయి. తీగల అంచుల మధ్య ఉండే ఖాళీలే సమానంగా ఉండాలి. ఉదాహరణకి 10-46 సెట్ (సన్న తీగ 0.010, లావు తీగ 0.046 అంగుళాలు) తీసుకుంటే తీగల మందాలు సుమారు 0.25, 0.33, 0.43, 0.66, 0.91, 1.17 మి.మీ., మొత్తం 3.75. 43 మి.మీ. నట్ మీద రెండు వైపులా 3.5 వదిలితే 36 మిగులుతుంది, అందులోంచి 3.75 తీసేసి అయిదుతో భాగిస్తే ఒక్కో ఖాళీ 6.45 మి.మీ. ఈ లెక్కను కాగితం మీద వేసుకుని, పదునైన మొనతో నట్ మీద గుర్తులు పెట్టి, ప్రతి గుర్తు దగ్గర సన్నటి రంపంతో చిన్న గీటు పెట్టండి.

తర్వాత నట్ ఆకురాళ్ళు. గాడి తీగ కంటే 0.05 మి.మీ. వెడల్పుంటే చాలు. ఇరుకైతే ట్యూన్ చేసేటప్పుడు తీగ పట్టేసి టింగ్‌మని జారుతుంది, వదులైతే పక్కకి కదిలి సొద పెడుతుంది. ఆకురాయిని హెడ్ వైపు కిందకి వాల్చి పట్టుకోవాలి, అప్పుడు గాడిలో ఎత్తైన చోటు ఫింగర్ బోర్డ్ వైపు అంచే అవుతుంది. ఈ వాలు రివర్స్ అయితే తీగ వెనక అంచు మీద ఆనుకుని సితార్‌లా జీర పలుకుతుంది, ఎంత వెతికినా కారణం దొరకదు.

లోతుకి ఒక చిట్కా చెప్తాను. మొదటి రెండు ఫ్రెట్ల మీద స్కేల్ ఆనించి, ఫింగర్ బోర్డ్‌కీ స్కేల్‌కీ మధ్య పట్టినన్ని ఫీలర్ గేజ్ రేకులు దూర్చండి. అది 1.10 అనుకుందాం. దానికి 0.15 కలిపి 1.25 మందం రేకుల కట్టను నట్ ముందు ఆనించి ఉంచితే, ఆకురాయి రేకుకి తగిలిన చోట మీరు ఆగుతారు. అక్కడి నుంచి కొలతలు కాదు, తీగలే చెప్పాలి. తీగ బిగించి ట్యూన్ చేసి, మూడో ఫ్రెట్ పరీక్ష చేసి, వదులు చేసి పక్కకి తప్పించి, రెండంటే రెండు రుద్దులు రుద్ది, మళ్ళీ బిగించండి. విసుగొస్తుంది, నిజమే. ఒకసారి నేను అయిదు గాళ్ళు చక్కగా తీసి, జి తీగ దగ్గర ఇంకొంచెమే కదా అని నాలుగైదు రుద్దులు ఒక్కసారే లాగేశాను. పొద్దుటి నుంచి చేసిన పని మొత్తం పోయింది, నట్ మొదటి నుంచి చేయాల్సొచ్చింది. అప్పటి నుంచి ఆ రెండు రుద్దుల లెక్క దాటలేదు.

పై భాగం ఆఖర్న తగ్గించండి. లావు తీగలు సగం బయటికి కనబడాలి, సన్నవి గాడి అంచుతో సమానంగా ఉండాలి. చివరలు గుండ్రంగా రుద్దండి, చెయ్యి జారేది అక్కడే. 400, 800, 1500 నంబర్ కాగితాలు వరసగా వాడితే ఎముకకి పాలమీగడ లాంటి మెరుపు వస్తుంది.

అడుగున చెక్క జిగురు రెండు చిన్న చుక్కలు చాలు. 10-46 సెట్ బిగిస్తే మొత్తం 45 కిలోల దాకా లాగుతుంది, నట్‌ను నొక్కి పట్టేది ఆ బలమే, జిగురు పక్కకి జరగకుండా మాత్రమే. పైగా రేపు దాన్ని తీయాల్సిన వాళ్ళకి చెక్క చీల్చే అవసరం రాకూడదు. గాళ్ళలో మెత్తటి పెన్సిల్ ములుకు రుద్ది, తీగలు బిగించి ట్యూన్ చేసి, జి తీగను గట్టిగా బెండ్ చేసి వదలండి. ట్యూనర్ ముల్లు మళ్ళీ అదే చోట నిలబడిందంటే గాడి తీగను పట్టేయడం లేదు. ఇప్పుడు ఎఫ్ కార్డ్ పట్టుకుని చూడండి.