లింకు మార్చాక పాత బిల్లులు కనపడకపోతే

"పాత బిల్లులు నేవని మీ కుర్రోడు అంతన్నాడు. ఏటైపోనాయి బాబూ?" అని రాజాం డీలరు ఫోను చేసేదాకా మేం చేసిన పని కరెక్టే అనుకున్నాం.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. నిన్నటిదాకా శ్రీకాకుళంలో ఉన్న రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరం జిల్లాలోకి వచ్చాయి. పాలకొండ, వీరఘట్టం, సీతంపేట, భామిని పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. విజయనగరం నుంచి సాలూరు, కురుపాం కూడా అటే పోయాయి. మాది డీలర్లకు మోటార్లు, పైపులు సప్లయి చేసే ఆఫీసు. వాడేది సేల్స్‌ఫోర్స్, కస్టమర్ల రికార్డులు, అమ్మకాలు చూసుకునే సాఫ్ట్‌వేర్. అందులో ప్రతి డీలరూ ఒక జిల్లా రికార్డుకి, ప్రతి బిల్లూ ఒక డీలరుకి, మెకానిక్ వెళ్లిన ప్రతి విజిట్టూ ఒక కంప్లయింటుకి లింకై ఉంటాయి. జిల్లా మారింది, లింకు మార్చేస్తే సరి, పూటలో అయిపోయే పని అనుకున్నాం. నెల పట్టింది. ఆ నెలలో ఎదురైనవీ, తర్వాత వేరే ఆఫీసుల వాళ్లు ఫోన్ చేసి అడిగినవీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి. ఈ సాఫ్ట్‌వేర్‌లో లింకు రెండు రకాలు. ఒకటి లుకప్. ఇది చుట్టరికం లాంటిది. తెగినా రెండు రికార్డులూ బతికే ఉంటాయి. రెండోది మాస్టర్-డీటెయిల్. ఇది తల్లీపిల్లల బంధం. తల్లి రికార్డు లేకుండా పిల్ల రికార్డు ఉండదు, పిల్లకి సొంత ఓనరు ఉండడు, తల్లిని డిలీట్ చేస్తే పిల్లా పోతుంది. మీ చిక్కు ఏదైనా సరే, సెటప్‌లో ఆ లింకు ఉన్న ఫీల్డు (గడి) ఏ రకమో చూశాకే మిగతాది మొదలుపెట్టండి.

డీలరు ఉన్నాడు, పాత బిల్లులు లేవు

రాజాం కేసు ఇదే. మా కుర్రాడు ఉన్న డీలరు రికార్డులో జిల్లా మార్చలేదు. విజయనగరం కింద అదే పేరుతో కొత్త డీలరుని తెరిచాడు. కొత్త జిల్లా కదా, కొత్త ఖాతా అనుకున్నాడు. తప్పు వాడిది కాదు, వాడికి చెప్పని నాది. బిల్లులన్నీ పాత రికార్డు దగ్గరే భద్రంగా ఉన్నాయి. వెతికేవాళ్లు కొత్తదాంట్లో వెతుకుతున్నారు.

దీనికి మందు మెర్జ్, అంటే ఒకే డీలరు రికార్డుల్ని ఒకటిగా కలిపేయడం. ఒకేసారి మూడు అకౌంట్ల (మాకైతే డీలరు రికార్డుల) వరకు కలపొచ్చు. బిల్లులు, కాంటాక్టులు, కంప్లయింట్లు అన్నీ మీరు ఉంచుకున్న రికార్డు కిందికి వచ్చేస్తాయి. తొందరపడి బటన్ నొక్కకండి. ఒక్కో ఫీల్డుకి ఏ రికార్డులోని విలువ ఉంచాలో అది అడుగుతుంది, మీరు వదిలేసింది పోతుంది. మేం పాత రికార్డునే ఉంచుకుని, కొత్తదాన్నుంచి జిల్లా ఒక్కటే తీసుకున్నాం. క్రెడిట్ లిమిట్ దగ్గర మాత్రం రెండుసార్లు చూసుకున్నాం, ఎందుకంటే కొత్త రికార్డులో అక్కడ సున్నా ఉంది. మెర్జ్‌ని వెనక్కి తిప్పే బటన్ లేదు. కలపబోయే రికార్డుల్ని ముందే ఎక్సెల్‌లోకి దించుకుని దాచుకోండి.

లింకు సరిగ్గానే మారింది, కానీ పోయినేడాది లెక్కలు మారిపోయాయి

అన్నిటికన్నా గట్టిగా తగిలింది ఇది. ఎక్కువమందికి ఆలస్యంగా తెలిసేది కూడా ఇదే.

పాలకొండ డీలర్లని మన్యానికి మార్చిన మర్నాడు శ్రీకాకుళం సేల్స్‌మన్ లెడ్జరు పట్టుకుని వచ్చాడు. పోయినేడాది తన టార్గెట్ దాటింది, ఇన్సెంటివ్ కూడా తీసుకున్నాడు. ఇప్పుడు అదే రిపోర్టు తీస్తే టార్గెట్‌కి కింద చూపిస్తోంది. ఇంకోపక్క, నిరుడు పుట్టనే లేని మన్యం జిల్లాకి నిరుడు అమ్మకాలు కనిపిస్తున్నాయి. ఒక్క బిల్లునీ ఎవరూ ముట్టుకోలేదు.

కారణం ఏమిటంటే, మా బిల్లులో జిల్లా అనేది విడిగా లేదు. రిపోర్టు బిల్లు నుంచి డీలరుకి, డీలరు నుంచి జిల్లాకి వెళ్లి, ఈరోజు అక్కడ ఏముంటే అదే చూపిస్తుంది. ఫార్ములా ఫీల్డు (విలువని తనే లెక్కకట్టి చూపించే గడి) పెట్టుకున్నా అంతే, అదీ ఇప్పటి సంగతే చెబుతుంది. లింకుకి నిన్న అనేది తెలియదు.

పరిష్కారం: బిల్లులోనే 'బిల్లు నాటి జిల్లా' అని మామూలు టెక్స్ట్ ఫీల్డు పెట్టండి. ఫార్ములా వద్దు. బిల్లు సేవ్ అయినప్పుడు ఒక ఫ్లో (తనంతట తానే పనిచేసేలా మనం పెట్టుకునే ఏర్పాటు) దాన్ని ఒక్కసారి నింపాలి, ఆ తర్వాత ముట్టుకోకూడదు. ఫ్లోలో 'రికార్డు కొత్తగా తయారైనప్పుడు మాత్రమే' అన్నది ఎంచుకోవడం మర్చిపోతే, బిల్లు ఎడిట్ చేసిన ప్రతిసారీ జిల్లా తిరగరాసుకుని మళ్లీ మొదటికొస్తుంది. మేం మర్చిపోయాం కూడా. ఇన్సెంటివ్ రిపోర్టులన్నీ ఈ ఫీల్డు మీదే తీయాలి. డీలరు ఇప్పుడు ఎక్కడున్నాడో కావాల్సిన రిపోర్టుకి మాత్రం లింకు వాడండి.

పాత బిల్లులకి తేదీ చూసి నింపాం. ఏప్రిల్ 4కి ముందువైతే పాత జిల్లా, ఆ రోజు నుంచి కొత్త జిల్లా. ఆర్థిక సంవత్సరం 1న మొదలైంది, జిల్లా 4న మారింది, మధ్యలో మూడు రోజులు కొత్త సంవత్సరం పాత జిల్లాలో పడతాయి. ఆ మూడు రోజులు ఎవరి ఖాతాకని మా అకౌంటెంట్ మేడమ్, సేల్స్‌మన్ గంటసేపు వాదించుకున్నారు. తీరా చూస్తే 2న ఉగాది, 3న ఆదివారం. బిల్లులు పడింది 1వ తేదీ ఒక్కరోజే. వాదన టీ చల్లారేలోపు ముగిసింది.

ఫీల్డు కనిపిస్తోంది, మార్చడానికి ఒప్పుకోవడం లేదు

మా మెకానిక్ బొబ్బిలిలో ఒక ఇంటికి వెళ్లి వచ్చి, విజిట్‌ని పక్కింటివాళ్ల కంప్లయింటు కింద ఎక్కించాడు. సరిచేద్దామని తెరిస్తే కంప్లయింటు పేరు దగ్గర పెన్సిల్ గుర్తే లేదు. మాస్టర్-డీటెయిల్ బంధంలో తల్లిని మార్చనివ్వకపోవడమే మామూలు. సెటప్‌లో ఆ ఫీల్డు తెరిస్తే రీపేరెంటింగ్‌ని, అంటే తల్లిని మార్చడాన్ని, అనుమతించే చిన్న గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టాలి.

టిక్ పెట్టి మార్చాక రెండు జరుగుతాయి. రెండు కంప్లయింట్లలోనూ స్పేర్ పార్టుల మొత్తం దానంతటదే మళ్లీ లెక్కకట్టుకుంటుంది, అది మంచిదే. ఎవరికి కనపడాలి అన్నది కూడా కొత్త తల్లినిబట్టి మారిపోతుంది. విజిట్ రాసిన మెకానిక్‌కే అది కనపడకుండా పోవచ్చు. "నేను రాసింది ఎవడో తీసేశాడు" అని వస్తే కంగారు పడకండి, తల్లి రికార్డు అతనికి షేర్ అయిందో లేదో చూడండి.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్ డైనమిక్స్ వాడేవాళ్లకి ఈ మలుపు ఇంకోలా ఉంటుంది. అక్కడ లింకుకి పేరెంటల్, రెఫరెన్షియల్ అని ప్రవర్తనలు ఉంటాయి. పేరెంటల్ అయితే కొత్త తల్లి ఓనరుకి పిల్ల రికార్డు మీద కూడా హక్కు వచ్చేస్తుంది. చూడకూడనివాళ్లు చూస్తున్నారంటే ముందు అక్కడ వెతకండి.

లింకు రకమే మార్చబోతే ఎర్రర్

లుకప్‌ని మాస్టర్-డీటెయిల్ చేయాలంటే ప్రతి రికార్డులోనూ ఆ ఫీల్డు నిండి ఉండాలి. ఒక్క ఖాళీ ఉన్నా ఒప్పుకోదు. ఖాళీలన్నీ నింపినా ఎర్రర్ వస్తుంటే, డిలీటై రీసైకిల్ బిన్‌లో ఉన్న రికార్డుల్లో ఖాళీలున్నాయేమో చూడండి. తిరగేసి మార్చాలంటే, అంటే మాస్టర్-డీటెయిల్‌ని లుకప్ చేయాలంటే, తల్లి మీద పిల్లల మొత్తాలు కూడే రోలప్ ఫీల్డులు ఏవీ ఉండకూడదు. వాటిని డిలీట్ చేసినా 15 రోజులు డిలీటైన ఫీల్డుల లిస్టులో కూర్చుని ఉంటాయి, అక్కడనుంచి కూడా తుడిచేయాలి.

మనిషి షాపు మారాడు, కంప్లయింట్లు మారలేదు

బొబ్బిలి డీలరు దగ్గర పనిచేసిన మేనేజరు సాలూరులో సొంతంగా షాపు పెట్టుకున్నాడు. కాంటాక్టులో అకౌంట్ మార్చాం. పాత ఆర్డర్ల ఆపర్చునిటీలు (అమ్మకాల రికార్డులు), పాత కేసులు (కంప్లయింట్లు) బొబ్బిలి కిందే ఉండిపోయాయి. ఇది తప్పు కాదు, అలాగే ఉండాలి. ఆ సరుకు కొన్నది బొబ్బిలి షాపు. కొత్తవి మాత్రం సాలూరు కింద పడతాయి. ఆ మనిషికి రెండు షాపులతోనూ సంబంధం ఉందని చూపించాలంటే, ఒక కాంటాక్టుని పలు అకౌంట్లకి కలిపే సెట్టింగు ఆన్ చేసుకోండి. పాత షాపు పరోక్ష సంబంధంగా మిగులుతుంది.

ఎక్సెల్ నుంచి ఒకేసారి ఎక్కిస్తే, ఒకరి బిల్లులు ఇంకొకరికి వెళ్లాయి

మొదటి అనుమానం పేరు మీద పెట్టండి. అరసవల్లి సూర్యనారాయణస్వామి పేరు, పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకోని షాపుల్ని మా జిల్లాల్లో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 'సూర్య'తో మొదలయ్యే డీలర్లే మాకు ఐదుగురు. ఊళ్ల పేర్లూ అంతే. ఇంగ్లీషులో విజయనగరాన్ని ఒకరు జెడ్‌తో రాస్తే ఇంకొకరు జేతో రాస్తారు. పేరుతో లింకు కలపకండి. జీఎస్టీ నంబరు మేలు, కానీ అందులోనూ మెలిక ఉంది: ఒకే యజమానికి రాష్ట్రంలో రెండు బ్రాంచీలుంటే రెండింటికీ ఒకే నంబరు ఉండొచ్చు. మేం నంబరు చివర బ్రాంచి అంకె కలిపి దాన్ని ఎక్స్‌టర్నల్ ఐడీగా, అంటే రికార్డుని గుర్తుపట్టే మా సొంత నంబరుగా పెట్టుకున్నాం.

సేల్స్‌ఫోర్స్ సొంత ఐడీతో కలిపినా తప్పు పడిందంటే, నేను రెండు రాత్రులు పోగొట్టుకున్న చోటు ఇది. రిపోర్టులోంచి దించిన ఐడీలో 15 అక్షరాలు ఉంటాయి. అందులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు. చివర చిన్న ఏ ఉంటే ఒక డీలరు, పెద్ద ఏ ఉంటే ఇంకో డీలరు. ఎక్సెల్‌లో వెతికిపెట్టే వీలుకప్ ఫంక్షన్‌కి ఆ తేడా తెలియదు, ముందు కనపడినదాన్ని ఇచ్చేస్తుంది. ఎర్రర్ రాదు, అన్నీ సక్సెస్ అనే వస్తాయి. 18 అక్షరాల ఐడీ వాడితే ఈ బాధ లేదు. దానికోసం కేస్‌సేఫ్‌ఐడీ అనే ఫంక్షన్‌తో ఒక ఫార్ములా ఫీల్డు చేసుకుని, రిపోర్టులో దాన్నే దించుకోండి.

ఎక్కించేటప్పుడు రికార్డు లాక్ కాలేదనే ఎర్రర్ వస్తే, ఒకే డీలరు బిల్లులు వేర్వేరు బ్యాచుల్లో ఒకేసారి వెళ్లి ఆ డీలరు రికార్డు కోసం తోసుకుంటున్నాయని అర్థం. షీటుని డీలరు ఐడీ వరుసలో సార్ట్ చేసి మళ్లీ ఎక్కించండి. అప్పటికీ రాకపోతే బ్యాచు తగ్గించండి, లేదా బ్యాచులు ఒకదాని తర్వాత ఒకటి వెళ్లేలా సీరియల్ మోడ్ పెట్టండి. ఊరూ పేరూ లేని బిల్లులన్నీ 'ఇతరులు' అనే ఒక్క డీలరు కింద పడేసే అలవాటుంటే ఈ ఎర్రర్ తరచూ వస్తుంది. ఒక్క తల్లి కింద పది వేలు దాటనివ్వకండి.

లింకు తీసేద్దామని గడి ఖాళీగా వదిలి ఎక్కిస్తే ఏమీ జరగదు. ఎక్కించడానికి వాడే డేటా లోడర్ ఖాళీని పట్టించుకోదు. ఖాళీ విలువలు ఎక్కించే సెట్టింగు టిక్ చేయాలి. బల్క్ పద్ధతిలో అయితే గడిలో హ్యాష్, ఎన్, ఏటవాలు గీత, ఏ అని వరుసగా (#N/A) రాయాలి.

డీలరుని డిలీట్ చేస్తే, ఇంకేవో కూడా పోయాయి

15 రోజుల లోపైతే రీసైకిల్ బిన్ తెరిచి తల్లి రికార్డుని వెనక్కి తెండి, దాంతోపాటు పోయిన పిల్లలు వెంట వస్తాయి. లుకప్‌తో కలిసినవైతే, ఈలోపు ఎవరూ వాటికి వేరే డీలరుని పెట్టకపోతేనే పాత లింకు తిరిగి కలుస్తుంది. అందుకే డిలీట్ జరిగిందని తెలియగానే మేం మొదట చేసేది ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్: "ఖాళీ కనిపించినచోట ఎవరూ ఏమీ నింపొద్దు."

రాజాం డీలరుకి మెర్జ్ అయిన సాయంత్రమే స్టేట్‌మెంట్ పంపాం. పది నిమిషాలకి మళ్లీ ఫోను. "బిల్లులొచ్చీనాయి గానీ బాబూ, పైన ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే ఉందేటి?" స్టేట్‌మెంట్ పైభాగంలో ఉన్న అడ్రసుకీ, జిల్లా రికార్డుకీ లింకే లేదు. అది ఎవరో చేత్తో టైపు చేసిన ముక్క.