గ్యాప్ తర్వాత వచ్చిన హెవీవెయిట్ బాక్సర్ ఫామ్‌ని ఎలా అంచనా వేయాలి

రెండు మూడేళ్లు రింగ్‌కి దూరంగా ఉన్న హెవీవెయిట్ తిరిగొచ్చి మొదటి ఫైట్ గెలవగానే గోల మొదలవుతుంది. పాత మనిషి మళ్లీ దిగాడని కొందరు, వీడి పని అయిపోయిందని ఇంకొందరు. ఇద్దరూ చూసింది ఆ ఒక్క రాత్రినే. ఆ ఫైట్ ఫలితంలో మీకు పనికొచ్చే సమాచారం చాలా తక్కువ, ఎందుకంటే ఎదురుగా నిలబడ్డ మనిషిని ప్రమోటర్ ఏరికోరి తెచ్చుకుంటాడు, ఓడిపోతాడన్న నమ్మకంతోనే.

అందుకే ముందు చూడాల్సింది ప్రత్యర్థిని. అతని రికార్డులో గెలుపులు ఎన్ని అన్నది పక్కన పెట్టండి, ఎవరి మీద గెలిచాడు, మామూలుగా ఏ వెయిట్‌లో ఆడతాడు, చివరిసారి ఎవరి చేతిలో ఎలా ఓడాడు అన్నవి చూడండి. 2018 జూన్‌లో మాంచెస్టర్‌లో బ్రిటిష్ హెవీవెయిట్ టైసన్ ఫ్యూరీ తిరిగొచ్చినప్పుడు ఎదురుగా ఉన్న సెఫర్ సెఫెరి ఎక్కువ కాలం హెవీవెయిట్ కంటే కిందిదైన క్రూజర్‌వెయిట్‌లో ఆడినవాడు, ఫ్యూరీ కంటే అరవై పౌండ్లకు పైగా తేలిక. ఫ్యూరీ అంతకుముందు 2015 నవంబర్‌లో డ్యూసెల్‌డార్ఫ్‌లో అప్పటి ఛాంపియన్ వ్లాదిమిర్ క్లిచ్కోని ఓడించి, ఆ తర్వాత డిప్రెషన్, తాగుడు, కొకైన్‌తో రెండున్నరేళ్లు పోగొట్టుకున్నాడు. ఆ రోజు 276 పౌండ్లు, అంటే దాదాపు 125 కిలోలు తూగాడు. ప్రేక్షకుల్లో కొట్లాట జరుగుతుంటే ఫ్యూరీ రింగ్‌లోంచి దాన్ని చూస్తూ నిలబడ్డాడు, సెఫెరి నాలుగు రౌండ్లయ్యాక కుర్చీలోంచి లేవలేదు. దీన్ని బట్టి ఫ్యూరీ ఫామ్ గురించి ఏం చెప్పగలం? తిరిగి రింగ్ ఎక్కాడు, అంతే.

పది వారాల తర్వాత బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంచెస్కో పియనేటాతో ఆడిన రెండో ఫైట్ మాత్రం బోలెడు చెప్పింది. చాలామంది దాన్ని బోర్ అన్నారు. నాకైతే ఆ సంవత్సరం ఫ్యూరీ ఆడిన మూడిట్లో, అంచనా వేయాలనుకునేవాడికి బాగా పనికొచ్చింది అదే. బరువు 258కి దిగింది. పది రౌండ్లూ పూర్తిగా ఆడాడు, పదీ అతనివేనని రిఫరీ 100-90 స్కోర్ ఇచ్చాడు. నాకౌట్ కోసం తొందరపడలేదు, జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే చురుకు పంచ్) వేస్తూ, దూరం సరిచూసుకుంటూ, కాళ్లు కదుపుతూ నిమిషాలు కూడబెట్టుకున్నాడు. గ్యాప్ తర్వాత బాక్సర్‌కి కావాల్సింది ఈ నిమిషాలే. జిమ్‌లో ఎంత స్పారింగ్ (ప్రాక్టీస్ ఫైట్) చేసినా అక్కడ తలకి హెడ్‌గార్డ్, చేతికి పదహారు ఔన్సుల గ్లవ్స్ ఉంటాయి. ఫైట్‌లో పది ఔన్సుల గ్లవ్స్, తలకి ఏమీ ఉండదు, ఎదుటివాడు నిజంగానే పడగొట్టడానికి వస్తాడు.

దీనికి పూర్తి వ్యతిరేకం మైక్ టైసన్. జైలు నుంచి వచ్చాక 1995 ఆగస్టులో పీటర్ మెక్‌నీలీతో ఫైట్ 89 సెకన్లలో ముగిసింది, మెక్‌నీలీ మేనేజర్ రింగ్‌లోకి వచ్చేయడంతో. తర్వాత బస్టర్ మాథిస్ జూనియర్ మూడో రౌండ్‌లో, ఫ్రాంక్ బ్రూనో మూడో రౌండ్‌లో, బ్రూస్ సెల్డన్ మొదటి రౌండ్‌లోనే అయిపోయారు. నాలుగు ఫైట్లు, రెండు టైటిల్స్, అన్నీ కలిపితే ఇరవై నిమిషాల బాక్సింగ్ కూడా లేదు! అందరూ భయపడిపోయారు, టైసన్ మళ్లీ మునుపటి టైసనే అనుకున్నారు. 1996 నవంబర్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్ ఆ భయం లేకుండా ఎదురు నిలబడి పదకొండో రౌండ్‌లో ఆపేశాడు. కాబట్టి కమ్‌బ్యాక్‌లో వరసగా త్వరత్వరగా నాకౌట్లు వస్తుంటే సంబరపడకండి, కొంచెం అనుమానపడండి. బాక్సర్ దగ్గర అన్నిటికంటే చివరగా పోయేది పంచ్ బలం. కాళ్లు, టైమింగ్ ముందే పోతాయి, అవి పోయాయో లేదో మొదటి రౌండ్ నాకౌట్‌లో కనిపించదు.

ఇక ఫైట్ చూడటం. ఒకసారి మామూలుగా చూసి ఎంజాయ్ చేయండి. రెండోసారి సౌండ్ తీసేసి చూడండి, ఇది మాత్రం వదలొద్దు. కామెంటరీ చాలాసార్లు కమ్‌బ్యాక్ కథని అమ్ముతూ ఉంటుంది, ప్రేక్షకుల అరుపులకి గాల్లోకి పోయిన పంచ్ కూడా తగిలినట్టే అనిపిస్తుంది. ఈ రెండోసారి పిడికిళ్ల మీద నుంచి కళ్లు తీసి పాదాల మీద పెట్టండి. కుడిచేత్తో గట్టిగా కొట్టాక రెండు పాదాలూ కిందే కుదురుగా ఉన్నాయా, లేక బాడీ ముందుకు తూలి ఎదుటివాడి మీద పడిపోతున్నాడా? జాబ్ అంగుళం, రెండంగుళాల తేడాతో పొట్టిగా పడిపోతోందా? కొట్టాక ఆ చెయ్యి గడ్డం దగ్గరికి తిరిగొస్తోందా, నడుము దగ్గరికి జారుతోందా? దూరం తప్పడం మొదటి మూడు రౌండ్లలో ఉండి తర్వాత సర్దుకుంటే అది రింగ్ రస్ట్, అంటే ఆడక పట్టిన తుప్పు, ఇంకో రెండు ఫైట్లు ఆడితే పోతుంది. మొదట బాగుండి అయిదో రౌండ్ నుంచి పాడైతే ఊపిరి చాలట్లేదన్నమాట, అంటే ఫైట్ ముందు ట్రైనింగ్ క్యాంప్ సరిగ్గా జరగలేదు. మొదటి నుంచి చివరిదాకా అదే తప్పు, అది కూడా నాలుగో ఫైట్‌లోనూ కనిపిస్తోందంటే వయసు. ఈ మూడింటినీ విడదీయకుండా ఒకటే అనుకోవడం వల్లే సగం వాదనలు వస్తాయి.

నాలుగో రౌండ్ తర్వాత నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడా, అవసరం లేకున్నా పట్టుకుని వేలాడుతున్నాడా అన్నది కూడా గమనించండి. అయితే పట్టుకోవడాన్ని వెంటనే అలసట అనేయొద్దు, కొందరికి అదే ప్లాన్.

అలసటలా కనిపించేదే ప్లాన్ కావచ్చన్నది మహమ్మద్ అలీ దగ్గర బాగా కనిపిస్తుంది. వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు లైసెన్స్ పోయి మూడున్నరేళ్లు ఆగి, 1970 అక్టోబర్‌లో అట్లాంటాలో జెర్రీ క్వారీతో ఆడాడు. క్వారీకి కంటి పైన చీలిక పడటంతో మూడు రౌండ్లకే ఆగిపోయింది. ఆ మూడు రౌండ్లు చూసి ఏమీ పోలేదనుకోవడం తేలిక. డిసెంబర్‌లో ఆస్కార్ బొనవెనాని పడగొట్టడానికి మాత్రం పదిహేనో రౌండ్ దాకా పట్టింది, ఆ దారిలో కాళ్లు మునుపట్లా తిరగడం లేదని తెలిసిపోయింది. 1971 మార్చిలో జో ఫ్రేజియర్ చేతిలో ఓడినప్పుడు తాళ్లకి ఆనుకుని విశ్రాంతి తీసుకోవడం ఇంకా ఎక్కువైంది. ఆ ఓటమిని చూసి అలీ అయిపోయాడన్నవాళ్లు 1974లో కిన్షాసాలో అదే తాళ్ల మీద ఆనుకుని అప్పటి ఛాంపియన్ జార్జ్ ఫోర్‌మన్‌ని అలసిపోయేలా చేసి పడగొట్టడం చూశారు. పాతలాగా ఆడటం లేదంటే చెడిపోయాడనే అర్థం కాదు. కొత్తగా ఆడేది పనిచేస్తోందా అని అడగండి.

దెబ్బ తిన్నాక ఏం చేస్తాడన్నది అన్నిటికంటే పెద్ద పరీక్ష, కానీ దాని కోసం మూడో నాలుగో ఫైట్ దాకా ఆగాలి. 2018 డిసెంబర్‌లో లాస్ ఏంజిలెస్‌లో ఫ్యూరీకీ అమెరికన్ ఛాంపియన్ డియాంటే వైల్డర్‌కీ జరిగిన ఫైట్ మనకి ఆదివారం పొద్దున వచ్చింది. అప్పటికి వైల్డర్ ఆడినవి 40, నాకౌట్లు 39. ఫ్యూరీ తొమ్మిదో రౌండ్‌లో ఒకసారి పడ్డాడు, పన్నెండో రౌండ్‌లో వెల్లకిలా పడిపోయి కదల్లేదు, చచ్చాడురా అనుకున్నాం, రిఫరీ పది లెక్కపెట్టేలోపు లేచి అదే రౌండ్‌లో ఎదురు కొట్టాడు. ఫలితం డ్రా, జడ్జిల్లో ఒకరు 115-111 వైల్డర్‌కి ఇచ్చారు, నాకైతే ఆ స్కోర్ ఇప్పటికీ ఎక్కదు. ఫ్యూరీ తిరిగొచ్చాడని ధైర్యంగా చెప్పగలిగింది ఆ రోజే, ఫైట్ గెలవకపోయినా.

బరువు చూడండి కానీ దానికే అతుక్కుపోవద్దు. రిటైరైన పాత ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్ బోలెడంత బరువు తగ్గించుకుని 1910లో అప్పటి ఛాంపియన్ జాక్ జాన్సన్ ముందుకొచ్చి పదిహేనో రౌండ్‌లో ఓడాడు. ఫోర్‌మన్ పదేళ్ల తర్వాత 1987లో 267 పౌండ్లతో వస్తే నవ్వారు, 1991లో హోలీఫీల్డ్‌తో ఆడేలోపు 24 ఫైట్లు గెలిచి, ఆ రోజు పాయింట్ల మీద ఓడినా పన్నెండు రౌండ్లూ నిలబడి, 1994లో 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ని పదో రౌండ్‌లో పడగొట్టాడు. అంకె కంటే అది ఫైట్ ఫైట్‌కీ ఎటు పోతోందన్నది ముఖ్యం.

ఈ లెక్కలన్నిటికీ లొంగనివాడు వ్లాదిమిర్ అన్న విటాలీ క్లిచ్కో. గాయాల వల్ల దాదాపు నాలుగేళ్లు ఆగి, మధ్యలో ఒక్క చిన్న ఫైట్ కూడా ఆడకుండా, 2008లో బెర్లిన్‌లో నేరుగా సామ్యూల్ పీటర్‌తో టైటిల్ ఫైట్‌కి దిగాడు. ఎనిమిది రౌండ్లయ్యాక పీటర్ ఇంక వద్దన్నాడు. చెయ్యి చాచి దూరం పెట్టి ఆడేవాడికి గ్యాప్ దెబ్బ తక్కువ తగులుతుందని నా అనుమానం, మీద పడి ఆడేవాడికి ఎక్కువ. అందుకే గ్యాప్‌కి ముందు అతని ఫైట్లు రెండైనా చూసి రండి, లేకపోతే దేంతో పోలుస్తారు?

2024లో 58 ఏళ్ల మైక్ టైసన్ యూట్యూబర్ జేక్ పాల్‌తో ఆడిన రెండు నిమిషాల రౌండ్ల తమాషాకి మాత్రం ఇవేవీ వాడకండి, అందులో అంచనా వేయడానికి ఏమీ లేదు.