ఎండకు కమిలిన చర్మం: నాకు పనిచేసినవి

మధ్యాహ్నాలు బయట తిరిగే పని నాది. బుగ్గలు, ముక్కు, మెడ వెనక కమిలిపోయి మంట పుట్టేది. మంట తగ్గాక నలుపు, గరుకుదనం మిగిలేవి.

ముందు మంట సంగతి చూశాను. చల్లటి నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డ కాసేపు వేసి, ఆపైన కలబంద గుజ్జు రాసేదాన్ని. ఆకు కోయగానే కారే పసుపు పచ్చటి జిగురు కొందరికి దురద పెడుతుంది. అందుకే ఆకును కాసేపు నిలబెట్టి, అది కారిపోయాక కడిగి, లోపలి తెల్ల గుజ్జు మాత్రమే తీసుకునేదాన్ని. ఏది రాసినా ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి ఒక రోజు చూడాల్సిందే.

నిమ్మరసం రాయమని చాలామంది చెప్పారు. నేను రాయలేదు. నిమ్మరసం ఉన్న చర్మానికి ఎండ తగిలితే బొబ్బలు, నల్ల మచ్చలు రావచ్చు.

నలుపుకి అతిమధురం సారం ఉన్న క్రీమ్ రాత్రిపూట వాడాను. అందులోని గ్లాబ్రిడిన్ అనే పదార్థం చర్మంలో రంగు తయారుచేసే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. ఫలితం మాత్రం నిదానమే. పైచర్మం మారడానికే దాదాపు 4 వారాలు పడుతుంది.

ఇవన్నీ పగలు ఎండను ఆపలేవు, కొబ్బరినూనె కూడా అంతే. అందుకే జింక్ ఆక్సైడ్ ఉన్న, ఎస్‌పీఎఫ్ (ఎండకు కమలకుండా ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 సన్‌స్క్రీన్ వాడుతున్నాను. బయట ఉంటే 2 గంటలకోసారి మళ్లీ రాస్తాను. జిడ్డుగా ఉంటుంది, చిరాకే. వెడల్పాటి టోపీ, పొడుగు చేతుల చొక్కా ఆ పనిని సగం తేలిక చేశాయి. ముక్కు మీద నలుపు ఇంకా కొంచెం ఉంది. బొబ్బలు, జ్వరం వచ్చినా, పుట్టుమచ్చ ఆకారం మారినా ఆకులూ పసర్లూ పక్కనపెట్టి చర్మ వైద్యుడికి చూపించాలి.